త్రోవలో విశేషమేమైనా జరిగినదా?

(ధనుర్మాస ఉపన్యాసమాలలో చేసిన ప్రసంగ పాఠం)





ధనుర్మాసం మేలుకొలుపుల మాసం. తిరుమలలో సైతం ఈ నెల రోజులు స్వామికి సుప్రభాతానికి బదులు తిరుప్పావైతోనే మేలుకొలుపు జరుగుతుంది. గోదాదేవి అనుగ్రహించిన ముప్పది పాశురాలలో 6వ పాశురం మొదలు 15వ పాశురం వరకు పదింటిలో పదిమంది గోపికలను నిద్ర లేపుతుంది. ఆ తల్లి వారిని ఏ విధంగా లేపుతున్నదో గమనించండి. పక్షుల కలకలం నీకు వినిపించలేదా అంటుంది. కోవెలలో శంఖం మ్రోగింది, వినలేదా అంటుంది. ఇంటింటా పెరుగు చిలికే సవ్వడి చెవిని సోకలేదా అంటుంది. కన్ను తెరువుమనడానికి ముందుగా చెవి తెరువుమంటున్నది. ప్రహ్లాదుడు తొమ్మిది విధాల భక్తిని తండ్రికి వివరించినప్పుడు శ్రవణాన్నే మొదటి మెట్టుగా చెప్పాడు.

శయ్యపై పరుండి నిద్రించేవారిని తట్టి లేపవచ్చు. కన్నులు తెరచి, కాళ్లతో నడుస్తూ, చేతిలో సంచి పట్టుకొని, వేళకు కార్యాలయానికి చేరుతూ కూడా చెవితో నిద్రించేవారు ఉంటారు. వారిని లేపడం కష్టం. నేటి ప్రసంగం ఆ నిద్రను గురించినది. దీనికి దృష్టాంతంగా పురాణకథను కాక, మన కాలంలో అమెరికా రాజధానిలో జరిగిన ఒక వృత్తాంతాన్ని ముందుగా మనవి చేస్తాను.

2007వ సంవత్సరం జనవరి 12వ తేదీ, శుక్రవారం. అదీ ధనుర్మాసమే. మన ఆలయాలలో ఆనాటి తిరుప్పావై సేవ ముగిసిన కొన్ని గంటలకు వాషింగ్టన్ నగరంలో తెల్లవారింది. అక్కడ భూగర్భంలో మెట్రో రైలు నడుస్తుంది. ప్రభుత్వ కార్యాలయాల నడుమ ఉన్న లాన్‌ఫాంట్ ప్లాజా అనే స్టేషనులో వేలాది ఉద్యోగులు దిగి, కదిలే మెట్లపై పైకి వచ్చి, తమ తమ కార్యాలయాలకు పోతారు. ఆ మెట్లు పైకి చేరే చోట, ఉదయం 7 గంటల 51 నిమిషాలకు, జీన్సు ప్యాంటు, టీషర్టు, తలపై టోపీ ధరించిన ఒక యువకుడు గోడవారగా నిలబడి, వయొలిన్ తీసి, ఖాళీ పెట్టెను తెరచి ముందుంచుకొని, వచ్చేపోయేవారు వేసే చిల్లర కోసం అన్నట్లు వాయించడం ఆరంభించాడు.

ఆ వ్యక్తి జాషువా బెల్. పాశ్చాత్య శాస్త్రీయ సంగీతంలో ప్రపంచ ప్రసిద్ధుడైన వయొలిన్ విద్వాంసుడు. అంతకు మూడు రోజుల ముందే బోస్టన్ నగరంలోని పెద్ద సంగీత మందిరంలో, నూరు డాలర్లు పెట్టి టికెట్టు కొనుక్కున్న శ్రోతల సమక్షంలో కచేరీ చేసి వచ్చాడు. ఆయన చేతిలోని వాద్యం ఇటలీ దేశపు శిల్పి అంటోనియో స్ట్రాడివారి 1713లో తయారుచేసినది. వాయించినవి బాఖ్, షూబర్ట్ వంటి మహనీయుల కృతులు. వాషింగ్టన్ పోస్ట్ పత్రిక ఒక పరీక్షగా ఈ ఏర్పాటు చేయగా, ఆయన అంగీకరించాడు. ఒక కెమెరాను మరుగున ఉంచారు. గొప్ప కళ సాధారణమైన చోట, సాధారణమైన వేషంలో ఎదురైతే మనిషి గుర్తించగలడా? వారి ప్రశ్న అది.

ఆయన 43 నిమిషాలు వాయించాడు. ఆ సమయంలో 1,097 మంది ఆయన ముందుగా నడచిపోయారు. కనీసం ఒక నిమిషమైనా ఆగి విన్నవారు ఏడుగురు. డబ్బు వేసినవారు 27 మంది, వారిలో అధికులు నడుస్తూనే వేసి పోయారు. మూడడుగుల దూరం నుండి పోతూ కూడా తల త్రిప్పి చూడనివారే ఎక్కువ. చివరలో ఒకే ఒక స్త్రీ ఆయనను గుర్తుపట్టి, ఆశ్చర్యపోయి, ఇరవై డాలర్లు ఇచ్చింది. ఆ సొమ్ము కాక పెట్టెలో పడినది 32 డాలర్ల 17 సెంట్లు. జీన్ వైన్‌గార్టెన్ అనే పాత్రికేయుడు దీనిని ఏప్రిల్ 8న వ్యాసంగా ప్రకటించాడు. మరుసటి సంవత్సరం ఆ వ్యాసానికి పులిట్జర్ బహుమతి లభించింది.

ఈ కథ మీలో కొందరు వినే ఉంటారు. సాధారణంగా ఇక్కడితో ఆపి, చూశారా, నేటి మనిషికి తీరిక లేదు, సౌందర్యం తెలియదు అని నిట్టూర్చడం వాడుక. ఈ నిట్టూర్పు వల్ల మనకు ప్రయోజనం లేదని నా మనవి. అందులో తీర్పు ఉన్నదే గాని, దిద్దుబాటు లేదు. కథలో అంతగా ప్రచారంలోకి రాని మరొక భాగం ఉన్నది. నాకు అదే ముఖ్యమైనదిగా తోచింది.

ఆ ఉదయం స్టేషను భవనం దాటి బయటికి వచ్చినవారిలో కొందరిని పత్రికవారు ఆపి, ఉద్యోగుల రాకపోకలను గురించి వ్యాసం వ్రాస్తున్నామని చెప్పి, ఫోను నంబర్లు తీసుకున్నారు. అనంతరం వారికి ఫోను చేసి ప్రశ్నలు అడిగారు. వాటిలో ఒకటి ఇది: ఈ ఉదయం పనికి వచ్చే త్రోవలో విశేషమేమైనా జరిగినదా? నలభై మందికి పైగా ఈ ప్రశ్నకు జవాబిచ్చారు. వయొలిన్ వాద్యకారుని మాట వెంటనే ఎత్తినవాడు వారిలో ఒక్కడు. ఆ స్టేషనులో లాటరీ టికెట్ల వరుసలో నిలబడిన ఒకాయనకు తాను ఆనాడు ఎంచుకున్న పది సంఖ్యలూ జ్ఞాపకం ఉన్నాయి. తన వెనుక మ్రోగిన సంగీతం ఏమిటో మాత్రం జ్ఞాపకం లేదు.

ఇక్కడ ఒక న్యాయమైన ఆక్షేపణ ఉన్నది. దానిని మనం దాటవేయరాదు. వారు ఉద్యోగస్థులు. ఎనిమిది గంటలకో ఎనిమిదిన్నరకో బల్ల దగ్గర ఉండవలసినవారు. ఆలస్యమైతే జీతం పోవచ్చు, మాట పడవలసి రావచ్చు. సంగీతం విని నిలబడిపోవడం ధర్మమా? కర్తవ్యాన్ని వేళకు నిర్వహించడం ధర్మం కాదా? మన శాస్త్రాలు కూడా కర్మను విడిచిపెట్టమని ఎక్కడా చెప్పలేదు కదా?

ఈ ఆక్షేపణకు సమాధానం మహాభారతంలోనే ఉన్నది. అరణ్యపర్వంలో కౌశికుడనే బ్రాహ్మణుని కథ మీకు తెలిసినదే. ఆయన ఒక ఇంటి ముంగిట నిలిచి భిక్ష కోరాడు. ఆ ఇల్లాలు కొంచెం ఆగవలసిందని చెప్పింది. ఇంతలో ఆకలిగొని భర్త ఇంటికి వచ్చాడు. ఆమె భర్తకు కాళ్లు కడిగించి, అన్నం వడ్డించి, పరిచర్య చేసిన పిమ్మట భిక్ష తీసుకొని వచ్చి, ఆలస్యమైనందుకు మన్నించమని వేడుకొన్నది. కౌశికుడు కోపించాడు. వ్యాసభగవానుడు మాత్రం ఆ ఇల్లాలి పక్షమే వహించాడు. ఆమె చేత కౌశికునికి బుద్ధి చెప్పించి, ధర్మం నేర్చుకోవడానికి మిథిలలోని ధర్మవ్యాధుని వద్దకు పంపించాడు.

ఈ కథను మరొక్కసారి నెమ్మదిగా చూడండి. ఆమె భిక్షుకుని కోసం తన పనిని ఆపలేదు. అయితే ఆయన పిలుపు విన్నది. ఆగమని బదులు పలికింది. పని చేస్తున్నంతసేపూ వాకిట ఒకరు నిలబడి ఉన్నారన్న ఎరుక ఆమెకు ఉన్నది. కనుకనే పని ముగియగానే చేతిలో భిక్షతో వచ్చింది. విని ఆగలేకపోవడం వేరు, అసలు వినకపోవడం వేరు. మొదటిది కర్తవ్యం. రెండవది నిద్ర. లాన్‌ఫాంట్ ప్లాజాలో ఆగకుండా పోయినవారిని మనం తప్పు పట్టవలసిన పని లేదు. అంత దగ్గరగా పోతూ, త్రోవలో విశేషమేమీ లేదని చెప్పగలిగిన స్థితిని గురించి మాత్రం భయపడవలసి ఉన్నది.

భయం అనే మాట ఎందుకు వాడానో చెబుతాను. ఆ స్టేషనులో బూట్లకు మెరుగుపెట్టే పని చేసుకొని జీవించే ఒక స్త్రీ ఉండేది. అక్కడ వాయించే వాద్యకారుల వల్ల తన బేరానికి ఇబ్బంది అని ఆమె సాధారణంగా పోలీసులను పిలిచేది. ఆనాడు వాద్యం బాగున్నదని పిలవలేదు. ఆమె పాత్రికేయునితో మరొక సంగతి కూడా చెప్పింది. కొన్నేళ్ల క్రితం ఇల్లూ వాకిలీ లేని ఒక అభాగ్యుడు అక్కడే పడుకొని ప్రాణం విడిచాడట. పోలీసులు వచ్చారు, అంబులెన్సు వచ్చింది. నడచిపోయే జనంలో ఒక్కరూ ఆగలేదట, నడక తగ్గించి చూడనైనా లేదట.

వయొలిన్ వినని చెవికి మూలుగు కూడా వినబడదు. సంగీతానికి ఒక చెవి, ఆర్తనాదానికి మరొక చెవి దేవుడు మనకు ఇవ్వలేదు. ఉన్నది ఒక్కటే. దానిని దేనికో ఒకదానికి మూసివేస్తే, తక్కినవాటికి కూడా అది మూసుకొనిపోతుంది. శ్రవణభక్తి పురాణశ్రవణంతోనే పూర్తి కాదని నేను చెప్పేది ఇందుకే.

భాగవతం అష్టమ స్కంధంలో గజేంద్రుని కథ మనకు ప్రాణప్రదమైనది. మన పోతనామాత్యుని పుణ్యమా అని తెలుగు ఇళ్లలో పిల్లలకు సైతం అది కంఠస్థం. ఆ కథలో భగవంతుని మహిమ ఎక్కడ ఉన్నది? చక్రంతో మొసలిని ఖండించడంలో ఉన్నదంటారు చాలామంది. చక్రం ఉన్నవానికి మొసలి ఒక లెక్కా? ఎక్కడో వైకుంఠంలో, లక్ష్మీదేవి సన్నిధిలో ఉన్న స్వామి, ఎక్కడో అడవిలోని మడుగులో ఒక ఏనుగు పెట్టిన మొర విన్నాడు. విన్న మరుక్షణం బయలుదేరాడు. ఎవరికీ చెప్పలేదు, ఆయుధాలను వెంట పిలవలేదు, వాహనం కోసం ఆగలేదు. మనం కొలిచే దైవం వినే దైవం. ఆయన భక్తులమని చెప్పుకొనే మనం, పక్కనే మ్రోగినది వినకుండా పోతే, ఆ భక్తికి అర్థమేమిటి?

అయితే వెయ్యిమందిలో విన్నవారు ఎవరు? వారిని చూస్తే మనకు త్రోవ దొరుకుతుంది.

మొదట విన్నవారు పసిపిల్లలు. ఆ 43 నిమిషాలలో అటుగా వెళ్లిన ప్రతి బిడ్డా ఆగి చూడబోయింది. ప్రతిసారీ తల్లో తండ్రో చేయి పట్టి ముందుకు నడిపించారు. ఒక మూడేళ్ల బాలుడు పదే పదే వెనుకకు తిరిగి చూస్తుంటే, తొందరలో ఉన్న ఆ తల్లి, పాపం, బిడ్డకూ వాద్యకారునికీ నడుమ తన శరీరాన్ని అడ్డం పెట్టి నడచింది. వినడం మనకు ఎవరూ నేర్పనక్కరలేదని దీనివల్ల తెలుస్తున్నది. వినకపోవడమే మనం పెరుగుతూ పెరుగుతూ నేర్చుకొన్నది. నేర్చుకొన్నదానిని మరల విడువవచ్చు.

రెండవవాడు తపాలా శాఖలో పనిచేసే ఒక ఉద్యోగి. చిన్నతనంలో వయొలిన్ అభ్యసించి, విద్వాంసుడు కావాలని కలలు కని, పద్దెనిమిదవ ఏట ఆ ఆశ విడిచినవాడు. ఆయన ఆ నాదం చెవిని పడగానే నిలిచిపోయి, దూరంగా ఒక మూలకు పోయి తొమ్మిది నిమిషాలు విన్నాడు. వాయించేది ఎవరో ఆయనకు తెలియదు, గొప్ప విద్య అని మాత్రం తెలిసింది. వెళ్తూ అయిదు డాలర్లు పెట్టెలో ఉంచాడు. వాద్యకారుని ముఖం వైపు సరిగా చూడను కూడా లేదు. హుండీలో ముడుపు వేసే భక్తుని వలె తల వంచి, ఉంచి, వెళ్లిపోయాడు. ఫోనులో ప్రశ్న అడగగానే జవాబు చెప్పిన ఆ ఒక్కడు ఈయనే. ఎప్పుడో చిన్ననాడు చేసిన అభ్యాసం ఎన్నో ఏళ్ల తరువాత, రద్దీ నడుమ, ఆయన చెవిని తెరచింది. అభ్యాసం ఎన్నడూ వృథా పోదు. మీరు పిల్లలను ఆలయానికి వెంటబెట్టుకొని వస్తున్నారే, వాళ్లు ప్రసాదం కోసమే వస్తున్నారని చింతించకండి. విన్నది లోపల ఉంటుంది.

మూడవవాడు ప్రభుత్వ ఇంధన శాఖలో ఒక ఉద్యోగి. ఆయనకు శాస్త్రీయ సంగీతంలో పరిచయం లేదు. చెవికి ఏదో ఇంపుగా సోకింది. ఫోను తీసి వేళ చూసుకొన్నాడు. పనికి మూడు నిమిషాలు వ్యవధి ఉన్నది. గోడకు ఆనుకొని ఆ మూడు నిమిషాలూ విన్నాడు, మనస్సుకు ప్రశాంతంగా తోచింది, డబ్బు వేసి పనికి పోయాడు. వీరిలో నాకు మిక్కిలి ఆదర్శప్రాయునిగా తోచినవాడు ఇతడే. పసితనం మనకు తిరిగి రాదు. సంగీతాభ్యాసం అందరికీ ఉండదు. ఈయన చేసినది అందరమూ చేయగలం. తనకు ఉన్నది మూడు నిమిషాలు. ఆ మూడింటినీ ఇచ్చాడు. కర్తవ్యమూ చెడలేదు, శ్రవణమూ జారిపోలేదు. భక్తితో ఇచ్చిన ఆకునైనా, గుక్కెడు నీటినైనా స్వీకరిస్తానని గీతలో స్వామి చెప్పినది ఇటువంటి అల్పమైన, నిండైన అర్పణను గురించే.

ఈ కథకు ఒక అనుబంధం కూడా ఉన్నది. 2014 సెప్టెంబరు 30న జాషువా బెల్ మరల అదే నగరంలో, యూనియన్ స్టేషన్ అనే రైల్వే స్టేషనులో వాయించాడు. ఈసారి ముందుగా ప్రకటించారు. జనం కిక్కిరిసి, నిశ్శబ్దంగా విని, కరతాళధ్వనులు చేశారు. అదే నగరం, అదే విద్వాంసుడు, మరల ఒక రైలు స్టేషనే. మారినది ఒక్కటే. వినడానికి సిద్ధపడి రండి అని ఎవరో ముందుగా చెప్పారు.

ఆలయం చేసే పని ఇదే. గోపురం దూరం నుండే ప్రకటన చేస్తుంది. గంట చెవిని తట్టుతుంది. ధ్వజస్తంభం వద్ద చెప్పులు లేని కాళ్లతో నిలిచేసరికి మనస్సు సర్దుకొంటుంది. ఇదంతా మన దౌర్బల్యం ఎరిగి పెద్దలు చేసిన ఏర్పాటు. దీనిని తక్కువ చేయరాదు. అయితే ప్రకటించిన చోట మాత్రమే వినగలిగితే, మనం యూనియన్ స్టేషన్ శ్రోతలం. ప్రకటన లేని చోట కూడా వినగలగడమే ఆలయానికి వచ్చినందుకు ఫలం. తిరువాయూరులో త్యాగరాజస్వామి ఉంఛవృత్తి చేస్తూ వీథులలో కీర్తనలు పాడుకొంటూ నడిచారు. అక్కడ వేదికలు లేవు, టికెట్లు లేవు. గుమ్మంలోకి పాట రాగానే విన్నవారు గుప్పెడు బియ్యంతో బయటికి వచ్చారు. ఆ బియ్యంతోనే ఆ మహానుభావుని జీవితం సాగింది.

హైదరాబాదులో 2017 నుండి మెట్రో రైలు నడుస్తున్నది. అది భూగర్భంలో కాక వీథులపై వంతెన మీద పోతుంది. నేనూ అందులో ప్రయాణిస్తుంటాను. పెట్టెలో సగం మంది చెవులకు యంత్రాలు తగిలించుకొని ఉంటారు. అందులో స్తోత్రాలు వినేవారూ ఉంటారు, కాదనను. అయినా పక్కన నిలబడిన వృద్ధురాలు, నాయనా కూర్చోవచ్చునా అని అడిగినది వినబడనంతగా స్తోత్రం వింటే, ఆ స్తోత్రం ఎవరికి చేరినట్లు?

ఇంతకన్న దగ్గరి స్టేషను మరొకటి ఉన్నది. అది మన ఇల్లు. ఉదయం ఎనిమిది గంటలకు మన ఇళ్లలో జరిగే రాకపోకలను తలచుకోండి. స్నానం, పలహారం, డబ్బా, తాళంచెవులు. ఆ హడావుడిలో లోపలి గదిలో నుండి తల్లి ఏదో అంటుంది. నిన్న రాత్రి మోకాలు నొప్పి వల్ల నిద్ర పట్టలేదని కావచ్చు. పిల్లవాడు చొక్కా పట్టుకొని ఏదో చూపబోతాడు. మనం మూడడుగుల దూరంలోనే నడచిపోతాం. సాయంత్రం ఎవరైనా ఫోను చేసి, ఈ ఉదయం విశేషమేమైనా జరిగినదా అని అడిగితే, ఏమీ లేదు, మామూలే అంటాం. విద్వాంసుని వినకపోతే పోయినది ఒక కచేరీ. ఆయన మరొక చోట వాయిస్తాడు, మరొక రోజు వినవచ్చు. అమ్మ మాట అటువంటిది కాదు. అది వినబడుతున్న కాలం పరిమితమైనది.

కనుక నా విన్నపం చిన్నది. ఈ ధనుర్మాసంలో మిగిలిన రోజులలోనైనా, సాయంత్రం దీపారాధన ముగిసిన తరువాత, దేవుని ఎదుట కూర్చొని, ఆ పత్రికవారు అడిగిన ప్రశ్నను మనకు మనమే వేసుకొందాం. ఈనాడు త్రోవలో విశేషమేమైనా జరిగినదా? మొదటి రెండు మూడు రోజులు జవాబు తోచదు. బెంగపడవద్దు. సాయంత్రం ప్రశ్న ఉంటుందని తెలిసిన చెవి, ఉదయం నుండే మెల్లగా తెరచుకొంటుంది. ఇంట్లో పిల్లలను కూడా అడగండి. వారి జవాబులు మనకంటె ఎక్కువగా ఉంటాయి. వారు చెప్పేటప్పుడు మాత్రం మూడు నిమిషాలు గోడకు ఆనుకొని నిలబడి వినండి.

మొర ఆలకించే స్వామి మనకు వినే చెవిని ప్రసాదించుగాక. సర్వేజనులకు శుభం కలుగుగాక. స్వస్తి.